చలికాలమంతా కదలని కారు: తాళం తిప్పేముందు ఏమేం చూసుకోవాలి?

తెల్లకారు
అందరికీ నమస్కారం. చలి మొదలవుతూనే షెడ్డులో పెట్టిన కారును ఇప్పుడు బయటికి తీయాలి. దాదాపు ఐదు నెలలుగా కదల్లేదు. పెట్రోలు కారు, నాలుగు సిలిండర్లు, ఇంజెక్షన్ ఇంజిన్, ఎనిమిదేళ్ల పాతది. పెట్టేముందు ఇంజిన్ ఆయిల్ మార్పించాను, ట్యాంకు నిండా పెట్రోలు పోయించాను. బ్యాటరీ తీగలు విప్పలేదు, అలాగే ఉన్నాయి.

ఈ రోజు వెళ్లి చూస్తే రిమోటుకు పలకలేదు. తాళంతో తలుపు తీసి ఇగ్నిషన్ ఆన్ చేస్తే మీటర్లలో దీపాలు మినుకుమని ఆరిపోయాయి. అంతటితో ఆపేశాను. "పక్కనే నా కారు పెట్టి కేబుళ్లు తగిలిస్తే పది నిమిషాల పని" అంటున్నారు మా అన్నయ్య. నాకు మాత్రం మనసొప్పడం లేదు. ఇన్ని నెలల్లో ఆయిల్ అంతా కిందికి జారిపోయి ఉంటుంది కదా, అలాంటి ఇంజిన్‌ను ఒక్కసారిగా తిప్పితే లోపల అరిగిపోదా? ఏది ముందు, ఏది తర్వాత చేయాలో తెలిసినవారు చెప్పగలరు.

నట్టుబోల్టు
ఆపేసి మంచి పని చేశారు. ఇన్నాళ్లు ఆగిన బండికి ఇంకో రోజు ఆలస్యమైతే వచ్చే నష్టం లేదు. తొందరపడితేనే నష్టం. నేను పాటించే వరుస ఇది: మొదట కళ్లతో చూడటం, తర్వాత బ్యాటరీ, ఆ తర్వాత ఇంజిన్ మండకుండా తిప్పి ఆయిల్ పైకి ఎక్కించడం, చివరికే అసలు స్టార్టింగు.

చూడటం దగ్గరే చాలామంది తప్పిపోతారు. బానెట్ ఎత్తగానే చేయి ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ మీదికి పోతుంది. అంతకంటే ముందు ఎయిర్ ఫిల్టరు డబ్బా మూత తీయండి. ఎలుకలు, చుంచులు చలికాలంలో వెతుక్కునే చోటు అదే: చీకటి, పొడి, మెత్తటి కాగితం. గూడు ఉండగా ఇంజిన్ తిప్పితే ఆ చెత్త గాలితోపాటు లోపలికి లాక్కుపోతుంది. ఫిల్టరుకు కన్నం పడి ఉంటే నేరుగా సిలిండర్లలోకే. వైర్ల తొడుగులు కొరికారేమో టార్చి వేసి చూడండి, ముఖ్యంగా ఇంజెక్టర్ల వైపు పోయే సన్న వైర్లు. సైలెన్సర్ గొట్టంలో గుడ్డలు కుక్కి ఉంటే ఇప్పుడే తీసేయండి. చివరి నిమిషంలో గుర్తుండదు.

ఆ తర్వాత కారు కింద నేల చూడండి. ఏ మరక ఏ భాగం కింద ఉందో చూస్తే సగం సంగతి తెలుస్తుంది. కూలెంట్ మట్టం, బ్రేక్ ఆయిల్ మట్టం, బెల్టు మీద పగుళ్లు కూడా చూడండి. డిప్‌స్టిక్ తీసినప్పుడు మట్టం ఒక్కటే కాదు, వాసన కూడా గమనించండి. పెట్రోలు వాసన గట్టిగా కొట్టినా, ఆయిల్ పాలలా తెల్లబారి ఉన్నా అక్కడే ఆగి మళ్లీ ఇక్కడ రాయండి.

వోల్టుమీటరు
బ్యాటరీ సంగతి నేను చెబుతాను. కారు కట్టేసినా గడియారం, అలారం, కంప్యూటర్ కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటాయి. మంచి స్థితిలో ఉన్న కారులో ఇది సాధారణంగా 50 మిల్లీ ఆంపియర్లకు లోపే ఉంటుంది. చిన్న అంకెలాగే కనిపిస్తుంది. కానీ 50 మిల్లీ ఆంపియర్లంటే రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు. 60 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఆ లెక్కన 50 రోజుల్లో ఖాళీ. సగం దిగితే చాలు, చలిలో సెల్ఫ్ మోటారు తిరగడం కష్టం. కాబట్టి మీ బ్యాటరీ దిగిపోవడంలో వింతేమీ లేదు.

మల్టీమీటరు ఉంటే ముందు వోల్టేజీ చూడండి. కదపకుండా ఉన్న బ్యాటరీ 12.6 లేదా 12.7 చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.4 అయితే దాదాపు మూడొంతులు, 12.2 అయితే సగం, 12.0 అయితే పావు వంతు. 10.5 కన్నా కిందికి పోయి ఉంటే ఆశలు తక్కువే. అలా దిగిన స్థితిలో ఎంత కాలం ఉంటే పలకల మీద సల్ఫేటు అంత గట్టిపడుతుంది, మళ్లీ ఛార్జి పట్టదు.

ఇంకొక ముఖ్యమైన సంగతి. నిండు బ్యాటరీలోని ఆమ్లం సున్నాకు 50 డిగ్రీల దిగువన కూడా గడ్డకట్టదు. పూర్తిగా దిగిన బ్యాటరీలో మిగిలేది దాదాపు నీరే కాబట్టి మైనస్ 7, 8 డిగ్రీలకే గడ్డకట్టవచ్చు. పక్కలు ఉబ్బి ఉన్నా, పెట్టె పగిలి ఉన్నా దానికి ఛార్జరు గానీ, కేబుళ్లు గానీ తగిలించవద్దు. పేలిపోయే ప్రమాదం ఉంది. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు, బ్యాటరీ ఛార్జి అవుతున్నప్పుడు హైడ్రోజన్ వస్తుంది, ఒక్క నిప్పురవ్వ చాలు.

మంచుతెర
నా పద్ధతి వేరు. చలికాలంలో వారానికి ఒకసారి వెళ్లి పది నిమిషాలు ఇంజిన్ ఆన్ చేసి ఉంచుతాను. ఆయిల్ తిరుగుతుంది, బ్యాటరీ నిండుతుంది. ఇన్ని జాగ్రత్తల అవసరమే రాదు కదా?

నట్టుబోల్టు
మంచుతెర గారూ, మీ ఉద్దేశం మంచిదే గానీ ఇంజిన్‌కు అది మేలు చేయదు. ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కితే ఆ ఆవిరి బయటికి పోతుంది. పది నిమిషాలు నిలబెట్టి నడిపితే కూలెంట్ వెచ్చబడుతుందేమో గానీ ఆయిల్ వేడెక్కదు. ఆవిరి చల్లటి సైలెన్సర్‌లోనూ, ఇంజిన్ అడుగునా నీరై నిలుస్తుంది. పిస్టన్ల పక్క నుంచి దిగిన పచ్చి పెట్రోలు ఆయిల్‌లో కలుస్తుంది. చలికాలమంతా ఇదే జరిగితే సైలెన్సర్ లోపలినుంచి తుప్పు పడుతుంది, ఆయిల్ మూత కింద పసుపురంగు మీగడలాంటిది పేరుకుంటుంది.

వోల్టుమీటరు
బ్యాటరీ కూడా నిండదు. చలిలో స్టార్ట్ చేయడానికి ఖర్చయిన ఛార్జి, నిలబడి ఉన్న ఇంజిన్ పది నిమిషాల్లో తిరిగి ఇవ్వలేకపోవచ్చు. వెనక అద్దం హీటరు, బ్లోయరు కూడా ఆన్‌లో ఉంటే మరీ తక్కువ. తీస్తే అరగంటైనా రోడ్డు మీద నడపాలి, లేకపోతే అసలు ముట్టుకోకుండా ఉండాలి.

మంచుతెర
ఆయిల్ మూత కింద ఆ పసుపురంగు పదార్థం నేను చూశాను. హెడ్ గాస్కెట్ (కూలెంట్ ఆయిల్‌లో కలవకుండా ఇంజిన్ పైభాగం కింద ఉండే సీలు) పోయిందేమోనని కంగారుపడి పరీక్ష కూడా చేయించాను, బాగానే ఉందన్నారు. కారణం ఇప్పుడు అర్థమైంది. వచ్చే చలికాలానికి బ్యాటరీ తీసి ఇంట్లో పెట్టుకుంటాను.

తెల్లకారు
నట్టుబోల్టు గారూ, ఎయిర్ ఫిల్టరు డబ్బా తెరిచాను. మీరు చెప్పినట్టే ఉంది! సీటు కింది నురుగు ముక్కలు, ఎండుగడ్డి, గింజల పొట్టు కలిపి పిడికెడంత గూడు. ఫిల్టరు కాగితం ఒక మూల మడతల దాకా కొరికేసి ఉంది. ఇంజిన్‌కు గాలి పోయే గొట్టం లోపల కూడా కొంత చెత్త కనిపిస్తోంది. జీవి ఏదీ లేదు. వైర్లు బాగానే ఉన్నాయి. ఆయిల్ మట్టం సరిగ్గా ఉంది, తేనెరంగులో శుభ్రంగా ఉంది. నేల మీద మరకలు లేవు. బ్యాటరీ 11.7 చూపిస్తోంది, ఉబ్బలేదు. టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకుంది.

నట్టుబోల్టు
గొట్టం పూర్తిగా విప్పి, థ్రాటిల్ (ఇంజిన్‌లోకి పోయే గాలిని అదుపు చేసే రేకు) దాకా శుభ్రం చేయండి. దారిలో గాలి కొలిచే సెన్సరు ఉంటుంది, అందులోని సన్నటి తీగను వేలితో గానీ, గుడ్డతో గానీ తాకవద్దు. కొత్త ఫిల్టరు వేయండి. ఏసీ గాలి ఫిల్టరు కూడా తీసి చూడండి, ఒకచోట గూడు ఉందంటే రెండోచోటా ఉండే వీలుంది.

గూడును పొడిగా ఉండగా ఊడ్చవద్దు, గాలి కొట్టవద్దు. ఎలుకల రెట్టల ధూళి పీలిస్తే జబ్బులు వస్తాయి. క్రిమిసంహారక ద్రవంతో తడిపి, కాసేపు నాననిచ్చి, మాస్కు, చేతితొడుగులు వేసుకుని తడి గుడ్డతో ఎత్తేయండి.

వోల్టుమీటరు
11.7 అంటే దాదాపు పూర్తిగా దిగినట్టే, కానీ చచ్చిపోయిందని చెప్పలేం. అన్నయ్య గారి కేబుళ్లు పక్కన పెట్టండి. అంతగా దిగిన బ్యాటరీని ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించే యంత్రం) మీద వదిలేస్తే దానికి గంటల తరబడి గట్టి భారం, బ్యాటరీకీ మంచిది కాదు. బ్యాటరీ విప్పి ఛార్జరుకు పెట్టండి. ముందు నల్ల తీగ విప్పాలి, తర్వాత ఎర్రది. బిగించేటప్పుడు ముందు ఎర్రది, చివర నల్లది. ఈ వరుస తప్పితే స్పానర్ బాడీకి తగిలి రవ్వలు వస్తాయి. సామర్థ్యంలో పదో వంతు చొప్పున, అంటే 60 ఆంపియర్ అవర్లదైతే 6 ఆంపియర్ల లోపున, గాలి ఆడే చోట నెమ్మదిగా ఎక్కించండి. టెర్మినళ్ల మీది పొడిని వంటసోడా కలిపిన నీళ్లతో తుడిచి, బాగా ఆరనిచ్చి బిగించండి. ఛార్జరు తీసేశాక కొన్ని గంటలు వదిలి అప్పుడు కొలవండి. తీయగానే వచ్చే అంకెను నమ్మవద్దు, అది పైపై వోల్టేజీ.

చక్రం
కేబుళ్లు తప్పనిసరైన వారి కోసం వరుస కూడా ఇక్కడే ఉండటం మంచిది. ఎర్ర తీగ ముందు దిగిన బ్యాటరీ ప్లస్సుకు, తర్వాత మంచి బ్యాటరీ ప్లస్సుకు. నల్ల తీగ ముందు మంచి బ్యాటరీ మైనస్సుకు. చివరి కొస దిగిన బ్యాటరీకి తగిలించకూడదు, బ్యాటరీకి దూరంగా ఇంజిన్ మీద రంగులేని ఇనుప భాగానికి తగిలించాలి. ఆఖరి కొస దగ్గర ఎప్పుడూ చిన్న రవ్వ వస్తుంది, ఆ రవ్వ బ్యాటరీ దగ్గర రాకూడదు. తీసేటప్పుడు ఇదే వరుస తిరగేయాలి.

పాత_ఇంజిన్
ఆయిల్ సంగతికి వద్దాం. నేను నడిపేవన్నీ కార్బురేటర్ రోజుల బండ్లు. చలికాలం తర్వాత ప్రతిదానికీ స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండర్‌లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోస్తాను. రాత్రంతా వదిలేసి, తెల్లవారి క్రాంక్ పుల్లీ బోల్టుకు స్పానర్ పెట్టి చేత్తో రెండు చుట్లు తిప్పుతాను, ఇంజిన్ మామూలుగా తిరిగే వైపుకే. పిస్టన్ రింగులు సిలిండర్ గోడలకు అంటుకుని ఉంటే చేతికే తెలిసిపోతుంది. సెల్ఫ్ మోటారుకు ఆ స్పర్శ ఉండదు, బలవంతంగా తిప్పేస్తుంది. తెల్లకారు గారు కూడా ఇలాగే చేయడం మేలు.

నట్టుబోల్టు
పాత_ఇంజిన్ గారి పద్ధతి మీద నాకు గౌరవం ఉంది, ఏళ్ల తరబడి పడి ఉన్న ఇంజిన్‌కు నేనూ అదే చేస్తాను. ఐదు నెలలకు మాత్రం అక్కర్లేదంటాను. ఆయిల్ "అంతా" కిందికి జారిపోదు. బేరింగుల సందుల్లో, సిలిండర్ గోడల మీద పలుచటి పొర మిగులుతుంది. ఫిల్టరులో వెనక్కి కారకుండా ఆపే రబ్బరు మూత ఉంటుంది కాబట్టి అందులోనూ కొంత నిలుస్తుంది. ఖాళీ అయ్యేది పై దారులు, వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్టు వైపు. అక్కడికి ఆయిల్ ఎక్కించాలంటే ప్లగ్గులు విప్పాల్సిన పని లేదు. పైగా ప్లగ్గులకు కరెంటు ఇచ్చే కాయిళ్లు, వాటి క్లిప్పులు ఎనిమిదేళ్ల పాత ప్లాస్టిక్. విప్పబోయి విరగ్గొట్టుకునే అవకాశమే ఎక్కువ. పోసిన ఆయిల్ ఎక్కువైతే అది కాలి, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది.

పాత_ఇంజిన్
కన్వర్టర్ ఉన్న బండికి ఆ మాట నిజమే, నా బండ్లలో అది లేదు. అయితే ఒక్కటి అడుగుతాను. సిలిండర్‌లోకి కూలెంట్ గానీ, కారిన ఇంజెక్టరు నుంచి పెట్రోలు గానీ చేరి ఉంటే? ద్రవం కుదించుకోదు. సెల్ఫ్ కొట్టిన మరుక్షణం పిస్టన్‌ను పట్టి ఉండే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. చేత్తో తిప్పి చూస్తే ఆ గండం ముందే తెలుస్తుంది.

నట్టుబోల్టు
అది ఒప్పుకుంటున్నాను. కూలెంట్ మట్టం తగ్గి ఉన్నా, ఆయిల్‌లో పెట్రోలు వాసన ఉన్నా తప్పకుండా ప్లగ్గులు విప్పి చూడాలి. తెల్లకారు గారి ఆయిల్ శుభ్రంగానే ఉందన్నారు. కూలెంట్ మట్టం ఒక్కటి వారు ఇంకా రాయలేదు.

తెల్లకారు
కూలెంట్ పై గీతకు కొద్దిగా దిగువన ఉంది, పెట్టినప్పుడు తీసిన ఫొటోతో పోలిస్తే మార్పు లేదు. బ్యాటరీ ఛార్జరు మీద ఉంది. ఇక మండకుండా తిప్పడం ఎలాగో చెప్పండి.

నట్టుబోల్టు
చాలా ఇంజెక్షన్ కార్లలో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొడితే కంప్యూటర్ పెట్రోలు ఆపేస్తుంది. ఎక్కువ పెట్రోలుతో తడిసిన ఇంజిన్‌ను ఆరబెట్టడానికి పెట్టిన ఏర్పాటు అది, మనకు ఇలా పనికొస్తుంది. మీ కారులో ఇది ఉందో లేదో కారుతో ఇచ్చిన పుస్తకంలో చూడండి. లేకపోతే పెట్రోలు పంపు ఫ్యూజు తీసేయండి. నాకు ఫ్యూజు పద్ధతే ఎక్కువ నమ్మకం, ఎందుకంటే పొరపాటున కాలు జారినా ఇంజిన్ పూర్తిగా అందుకోదు. గొట్టంలో మిగిలిన ఒత్తిడికి ఒక్క క్షణం అందుకుని ఆగిపోవచ్చు, కంగారుపడకండి.

గేరు న్యూట్రల్‌లో, ఆటోమేటిక్ అయితే పార్కులో ఉంచండి. ఐదారు సెకన్లు తిప్పండి, ఆపండి, అర నిమిషం ఆగండి. మళ్లీ తిప్పండి. చూపు ఆయిల్ దీపం మీదే ఉండాలి. దీపం ఆరిపోతే ఒత్తిడి వచ్చినట్టు. కొన్ని కార్లలో సెల్ఫ్ తిరుగుతుండగా ఆ దీపం ఆరదు, అప్పుడు మూడు నాలుగు విడతలు తిప్పి ఊరుకోవచ్చు. పది సెకన్లు మించి ఎప్పుడూ తిప్పవద్దు, సెల్ఫ్ మోటారు చుట్టలు వేడెక్కుతాయి.

తర్వాత ఫ్యూజు పెట్టి, ఇగ్నిషన్ ఆన్ చేయండి, స్టార్ట్ చేయవద్దు. వెనక సీటు వైపు నుంచి రెండు మూడు సెకన్లు సన్నటి రొద వినిపిస్తుంది, అది పంపు. ఆగాక ఆఫ్ చేసి, మళ్లీ ఆన్ చేయండి. ఇలా రెండు మూడుసార్లు చేస్తే గొట్టాల్లో ఒత్తిడి నిండుతుంది. ఆ సమయంలో ఎవరినైనా బానెట్ దగ్గర నిలబెట్టి పెట్రోలు కారుతోందేమో చూడమనండి. ఎండిన రబ్బరు గొట్టాలు ఒత్తిడి వచ్చాకే కారతాయి. వాసన వచ్చినా సరే, ఆ రోజుకు స్టార్ట్ చేసే మాటే వద్దు.

డీజిల్_దారి
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. డీజిల్ బండికి కూడా ఇదే వరుసా?

చక్రం
చూడటం, బ్యాటరీ వరకు ఇదే. డీజిల్‌కు స్పార్క్ ఉండదు కాబట్టి పెట్రోలు ఇంజిన్ చిట్కాలు అలాగే వాడకండి. గ్లో ప్లగ్గు (స్టార్టింగుకు ముందు సిలిండర్‌ను వేడి చేసేది) దీపం ఆరేదాకా ఆగి సెల్ఫ్ కొట్టండి, చలి ఎక్కువగా ఉంటే రెండుసార్లు వేడి చేయండి. ఫిల్టరు అడుగున చేరిన నీటిని ముందే వదిలేయండి. బాగా చలిగా ఉన్నప్పుడు డీజిల్‌లోని మైనం గడ్డకట్టి ఫిల్టరును మూసేస్తుంది. అప్పుడు సెల్ఫ్ కొట్టి లాభం లేదు, బండి వెచ్చబడేదాకా ఆగాల్సిందే. ఈథర్ స్ప్రే కొట్టమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. గ్లో ప్లగ్గులు ఉన్న ఇంజిన్‌లో అది ముందుగానే అంటుకుని పిస్టన్లను విరగ్గొట్టగలదు.

మంచుతెర
పాత పెట్రోలు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఐదు నెలల పెట్రోలుతో స్టార్ట్ చేయవచ్చా?

పాత_ఇంజిన్
నిండు ట్యాంకు, మూత బిగుతు, చల్లటి షెడ్డు. వారి కారుకు సాధారణంగా ఇబ్బంది ఉండదు. పెట్రోలులో త్వరగా ఆవిరయ్యే తేలిక భాగాలే చల్లటి ఇంజిన్ అందుకోవడానికి సాయపడతాయి. అవి పోయేకొద్దీ స్టార్టింగు బరువవుతుంది. మిగిలినది గాలి తగిలి జిగురుగా మారుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను కూడా పీలుస్తుంది, హద్దు దాటితే నీరూ ఇథనాలూ కలిసి అడుగుకు దిగుతాయి. పంపు పీల్చేది అడుగు నుంచే. ఖాళీ ట్యాంకులో ఈ బాధ ఎక్కువ. పెట్రోలు ముదురు రంగులో ఉండి, వార్నిష్‌లాంటి పుల్లటి వాసన కొడితే మొత్తం దించేయడమే. లేదంటే స్టార్ట్ అయ్యాక కొంత నడిపి, తాజా పెట్రోలు కలపండి.

కార్బురేటర్ బండ్ల వారికి ఒక మాట. కార్బురేటర్‌లో పెట్రోలు నిలిచే చిన్న గిన్నె, అంటే బౌలులో పెట్రోలు ఎండిపోయి ఉంటుంది, అందుకే ఎంత కొట్టినా పలకదు. విసుగు పుట్టి ఎయిర్ ఫిల్టరు తీసేసి కార్బురేటర్ నోట్లో పెట్రోలు పోసే అలవాటు చాలామందికి ఉంది. దయచేసి అలా చేయకండి. ఒక్కసారి వెనక్కి మండిందంటే మంట నేరుగా ముఖానికే. బౌలు గాలి గొట్టం ద్వారా చిన్న సీసాతో నింపవచ్చు, లేదా పెట్రోలు పంపుకు మీట ఉంటే చేత్తో ఆడించండి.

వోల్టుమీటరు
స్టార్ట్ చేసేముందు కారును షెడ్డు బయటికి తోయండి. తలుపు తెరిచి ఉంది కదా అని లోపలే స్టార్ట్ చేయవద్దు. చల్లటి ఇంజిన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ, దానికి రంగూ వాసనా లేవు. షెడ్డుకు ఆనుకుని ఇల్లు ఉంటే ఇంట్లోకీ పాకుతుంది. ఈ ఒక్కదాంట్లో రాజీ పడవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను.

తెల్లకారు
ఛార్జి చేసిన బ్యాటరీ రాత్రంతా వదిలేశాక 12.6 దగ్గర నిలిచింది. కారు తోయబోతే కదల్లేదు! హ్యాండ్‌బ్రేక్ వేయలేదు, గేరులో లేదు. వెనక ఎడమ చక్రం పట్టేసింది.

చక్రం
బ్రేకు డిస్కుకు, దాన్ని నొక్కే ప్యాడుకు మధ్య తుప్పు పట్టి అతుక్కుని ఉంటుంది. చలికాలంలో సాధారణమే. ఇద్దరు కలిసి ముందుకు, వెనక్కి ఊపండి. కదలకపోతే కారు జాకీ మీద ఎత్తి, స్టాండ్ పెట్టి, చక్రం తీసి, ప్యాడులను పట్టి ఉండే కాలిపర్‌ను రబ్బరు సుత్తితో మెల్లగా తట్టండి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కింద చేతులు పెట్టవద్దు. ఇంజిన్ బలంతో లాగించేయాలని చూడకండి, ప్యాడు మీది ఘర్షణ పొర రేకు నుంచి ఊడి డిస్కుకే ఉండిపోతుంది.

తెల్లకారు
ఊపగా ఊపగా 'ఠప్' మని వదిలింది. బయటికి తోశాం. ఫ్యూజు తీసి తిప్పాను. మొదటి విడతలో ఆయిల్ దీపం వెలుగుతూనే ఉంది, రెండో విడత మధ్యలో కాస్త తడబడింది, మూడోసారి ఆరిపోయింది. ఫ్యూజు పెట్టి, పంపు రొద విని, మా అన్నయ్య బానెట్ దగ్గర నిలబడి చూస్తుండగా స్టార్ట్ చేశాను. ఒకటి రెండు చుట్లకే అందుకుంది. ఇంజిన్ పై భాగం నుంచి టకటకమని చప్పుడు వచ్చి కాసేపట్లో తగ్గిపోయింది. సైలెన్సర్ నుంచి తెల్లటి ఆవిరి, నీటి బొట్లు. బ్యాటరీ దగ్గర 14.3 వోల్టులు. ఆ చప్పుడు గురించి ఆలోచించాలా?

నట్టుబోల్టు
చాలా సంతోషం. ఆ టకటక హైడ్రాలిక్ లిఫ్టర్లలోకి (వాల్వులను కదిపే, ఆయిల్‌తో నిండే చిన్న భాగాలు) ఆయిల్ నిండేదాకా వచ్చేది. తగ్గిపోయింది కాబట్టి చింత లేదు. ఇంజిన్ వేడెక్కాక కూడా ఉంటే అప్పుడు చూపించాలి. తెల్లటి ఆవిరి, నీటి బొట్లు మామూలే. పూర్తిగా వేడెక్కినా తెల్లటి పొగ ఆగకుండా తియ్యటి వాసనతో వస్తే కూలెంట్ మండుతున్నట్టు. నీలం పొగ మొదట కొద్దిగా వచ్చి ఆగితే వాల్వ్ సీళ్లు ఎండినవి, ఆయిల్ తగిలి మెత్తబడవచ్చు.

ఇప్పుడు నిలబెట్టి వేడి చేస్తూ కూర్చోవద్దు. అర నిమిషం, ఒక నిమిషం చాలు. ఇంజిన్‌ను ఎక్కువ తిప్పకుండా, మెల్లగా నడుపుతూ వేడెక్కించండి. మొదట ఖాళీ చోట బ్రేకులు పరీక్షించి, టైర్లలో గాలి చూసుకుని, ఆ తర్వాతే రోడ్డెక్కండి. కనీసం అరగంట నడపండి.

తెల్లకారు
నడిపి వచ్చాను. మొదట్లో బ్రేకు వేసినప్పుడల్లా గరగరమంది, డిస్కు మీది తుప్పు పోయాక ఆగింది. టైర్లు చదునుగా నిలిచిపోయినందుకేమో స్టీరింగ్ వణికింది, వేడెక్కాక తగ్గింది. ఇంజిన్ చాలా హాయిగా ఉంది. దిగాక నాలుగు చక్రాల దగ్గరా చేయి పెట్టి చూశాను, తాకకుండా. వెనక ఎడమది మాత్రం మిగతావాటికంటే స్పష్టంగా వేడిగా ఉంది.

చక్రం
ప్యాడు డిస్కును పూర్తిగా వదలడం లేదు. కాలిపర్ జారే పిన్నులు ఎండి ఉంటాయి, లేదా హ్యాండ్‌బ్రేక్ కేబుల్ తొడుగులో తుప్పు పట్టి ఉంటుంది. పిన్నులు తీసి, శుభ్రం చేసి, బ్రేకులకు పనికొచ్చే గ్రీజే వేయాలి. మామూలు గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది. బ్రేక్ ఆయిల్ రెండేళ్లు దాటి ఉంటే అది కూడా ఇదే విడతలో మార్పించండి, అది తేమ పీలుస్తుంది. అప్పటిదాకా దూరం వెళ్లకండి.

తెల్లకారు
సరేనండి, రేపే మెకానిక్‌కు చూపిస్తాను. అందాకా కారు బయటే, చక్రాలకు చెక్క అడ్డు పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేయకుండా ఉంచాను. అందరికీ మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. పిన్నులు విప్పాక ఏం బయటపడిందో రాస్తాను.